మట్టిలో వదిలేసిన మొదళ్లు

బస్సు డిపో క్యాంటీన్లో వంట చేసే ఆవిడని అందరూ శుభ్రం పిన్ని అనే పిలుస్తారు. అసలు పేరు జీతాల గుమాస్తాకి ఒక్కడికే తెలుసు. అతనూ జీతాల రోజున చూసి మళ్లీ మరిచిపోతాడు. కడిగిన గిన్నెని మళ్లీ కడిగే మనిషిని, తుడిచిన బల్లని వెలుతురుకి వంగి చూసి మళ్లీ తుడిచే మనిషిని ఇంకేమని పిలుస్తారు? డ్రైవర్లు చేతులు కడుక్కుని వచ్చి, ఆవిడ ముందు అరచేతులు తిప్పి చూపించి మరీ కూర్చుంటారు. "పిన్నీ, మా బస్సు అద్దం కన్నా నీ గరిటే మెరుస్తోంది" అని ఓ కండక్టరు అంటే, "నా గరిట సంగతి తర్వాత, ముందు నీ గోళ్లు చూపించు" అంటుంది. నవ్వుతూనే అంటుంది గానీ, గోళ్లు చూపించేదాకా కంచం ఇవ్వదు.

తన శుభ్రం వల్ల లోకానికి మేలే తప్ప కీడు లేదని ఆవిడ గట్టి నమ్మకం. ఇంతకాలం ఆ నమ్మకాన్ని కాదన్నవాళ్లు కూడా లేరు, ఒక్క తోడికోడలు తప్ప.

డిపోకి దగ్గర్లోనే ఇల్లు. కింది వాటాలో పిన్ని, ఆవిడ భర్త. ఆయన లారీ మీద దూరాలు తిరుగుతుంటాడు, ఇంట్లో కన్నా రోడ్డు మీద ఉండేది ఎక్కువ. పై వాటాలో మరిది, అతని భార్య, బడికెళ్లే వాళ్లమ్మాయి. అత్తగారు పోయి ఏళ్లయినా ఆవిడ పెట్టిన పెద్దకోడలు, చిన్నకోడలు అన్న పిలుపులు ఆ ఇంట్లో అలాగే ఉండిపోయాయి. చిన్నకోడలు పుస్తకాలు బైండింగు చేసే షాపులో పనిచేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వేళ్లకి బంక ఎండిపోయి పొరలు పొరలుగా ఊడుతుంటుంది. ఆ వేళ్లు చూస్తే పిన్నికి ఒళ్లు జలదరిస్తుంది. ఆ జలదరింపుని కడుపులో దాచుకోవడం ఆవిడకి చేతకాదు.

గొడవ గ్లాసుల దగ్గర వచ్చింది. ఇంటికి చుట్టాలొస్తే చిన్నకోడలు కాఫీ గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని తీసుకొచ్చింది. పిన్ని నలుగురి ముందూ ఆ పళ్లెం అందుకుని, ఒక్క మాటైనా అనకుండా లోపలికి తీసుకెళ్లి, గ్లాసులన్నీ మళ్లీ కడిగి తెచ్చింది. పంపు కింద నీళ్ల చప్పుడు హాల్లోకి వినబడుతూనే ఉంది. చిన్నకోడలి ముఖంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. ఆ రోజు నుంచి కిందికి దిగడం మానేసింది. ఎదురుపడితే తలవంచుకుని మెట్లెక్కిపోయేది.

పిన్ని మనసులో పశ్చాత్తాపం లేకపోలేదు. క్షమించమని నోరు తెరిచి అడగడం మాత్రం ఆవిడ తరం కాదు. వంటమనిషి కదా, ఏదైనా వండి పెడితే సరిపోతుందనుకుంది.

వానలు పడ్డాక ఇంటి వెనక కలప అడితి పక్కన గడ్డిలో పుట్టగొడుగులు లేస్తాయి. పిన్ని ఏటా కోస్తుంది. మిగతావాళ్లు పట్టుకుని పీకేస్తారు, మట్టిబెడ్డలతో సహా ఇంటికి మోసుకొస్తారు. పిన్ని అలా కాదు. చిన్న వంకీ కత్తితో కాడని నేలకి కాస్త పైగా కోస్తుంది. మొదలు మట్టిలోనే ఉండిపోతుంది, పైది బుట్టలోకి వస్తుంది. ఇంటికొచ్చాక ఆ బుట్ట దులిపితే చిటికెడు మట్టి రాలదు. ఆ సంగతి ఎదురైన ప్రతివాళ్లకీ బుట్ట వంచి చూపించి మరీ చెప్పుకునేది. అందులోనూ గొడుగు విప్పనివి, గుండ్రంగా ముడుచుకుని ఉన్నవి ఏరేది. లేతవి అని.

ఆ ఏడాది గడ్డిలో తక్కువ లేచాయి. అడితివాళ్లు కొన్నేళ్ల క్రితం ఎక్కణ్ణుంచో తెప్పించి ప్రహరీ పక్కన నాటిన చెట్ల కింద మాత్రం కొన్ని కనిపించాయి. మల్లెపువ్వుల్లా తెల్లగా ఉన్నాయి. ఒక్క మచ్చ లేదు. తెల్లనిదంతా మంచిదనే మనిషికి ఇంకేం కావాలి? కోసింది. ఉల్లిపాయలు వేసి వేయించింది. డబ్బాలో పెట్టి స్వయంగా పైకి తీసుకెళ్లింది.

చిన్నకోడలు గుమ్మంలో నిలబడి డబ్బా అందుకుంది. ఏమనుకుందో, అక్కడే మూత తీసి ఓ ముక్క నోట్లో వేసుకుంది.

"బాగుందక్కా" అంది.

అన్ని రోజుల తర్వాత ఒక్క మాట. పిన్నికి కళ్లు చెమర్చాయి. ఆ హుషారులో పిల్లని కూడా తినమంది. పిల్ల ముక్కు చిట్లించి, "నాకొద్దు, రబ్బరులా ఉంటాయి" అంది. "నాలుగు ముక్కలు తింటే అరిగిపోతావా, తిను" అని కసిరింది పిన్ని. పిల్ల లోపలికి పారిపోయింది. మరిది ఆ రోజు రెండో షిఫ్టు, బయటే తినేశాడు. పిన్నికి మిగల్లేదు, ఉన్నవే తక్కువ. డబ్బా అంతా చిన్నకోడలే ఖాళీ చేసింది.

తెల్లవారేసరికి వాంతులు, విరేచనాలు. మనిషి వేలాడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లారు. మరిది చీటీ రాయించడానికి కౌంటరు దగ్గరికి పరిగెత్తాడు. మంచం దగ్గర డ్యూటీ డాక్టరు అడిగాడు.

"రాత్రి ఏం తిన్నారమ్మా?"

"పుట్టగొడుగులు" అంది పిన్ని.

"ఎక్కడివి?"

పిన్నికి ఆ క్షణంలో డిపో కనిపించింది. వరసగా కూర్చున్న డ్రైవర్లు కంచాలు పక్కకి జరిపేస్తున్నట్టు, శుభ్రం పిన్ని చేతివంట తిని మనిషి ఆసుపత్రి పాలైందట అని గుసగుసలాడుతున్నట్టు.

"కొట్లో కొన్నాను. సీలు వేసిన డబ్బా" అంది.

మంచం మీద చిన్నకోడలు కళ్లు తెరిచి ఒకసారి ఆవిడ వైపు చూసింది. మళ్లీ మూసుకుంది. డాక్టరు ఏదో తిండి పడలేదని రాసుకుని సెలైన్ పెట్టించాడు.

మర్నాటికి వాంతులు ఆగిపోయాయి. చిన్నకోడలు లేచి కూర్చుని దువ్వెన అడిగింది. కూతురితో కబుర్లు చెప్పింది. "రేపు ఇంటికి వెళ్లిపోవచ్చు" అన్నాడు డ్యూటీ డాక్టరు. పిన్నికి పోయిన ప్రాణం లేచొచ్చింది. తను ఆడింది చిన్న అబద్ధం, దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు, అంతే. ఆ రోజు క్యాంటీన్లో పాట కూడా పాడుకుంది. ఆ పాట గుర్తొస్తే ఆవిడకి ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆ మర్నాడు ఇంటికి పంపేద్దామని నర్సు చేతికున్న సూది తీసింది. నెత్తురు ఆగలేదు. దూది మీద దూది పెట్టినా ఎర్రగా తడిసిపోతోంది. కళ్లల్లో పసుపు ఛాయ. కాసేపట్లో కాలేయం వార్డు నుంచి కళ్లద్దాల డాక్టరమ్మ గబగబా వచ్చింది. రక్త పరీక్ష కాగితాలు చూసింది. మరిదిని ఏవో మందులు తెమ్మని పంపించి, పిన్నిని వరండాలోకి పిలిచింది.

"కొట్లో కొన్నవైతే ఇలా కాకూడదమ్మా. తెల్లగా ఉండే విషపు రకం ఒకటుంది. దాని కాడ మొదట్లో చిరిగిన సంచిలాంటిది ఉంటుంది. మీరేమైనా చూశారా?"

పిన్ని వెనక్కి తిరిగి చూసింది, మరిది ఇంకా రాలేదు. "కొట్లో కొనలేదు డాక్టరమ్మా. అడితి దగ్గర నేనే కోశాను" అంది. "మొదలు చూడలేదు. మట్టి అంటుకుంటుందని నేనెప్పుడూ పైకే కోస్తాను."

డాక్టరమ్మ ఆవిడని ఓ క్షణం చూసింది. కోప్పడలేదు. "ఆ సంచి మట్టిలోనే ఉంటుందమ్మా. వెళ్లి ఆ మొదళ్లు తవ్వి తీసుకురండి. నేనీలోపు ఆ విషానికే మందు మొదలుపెడతాను" అంది.

పిన్ని పరిగెత్తింది. చేతిలో బుట్ట లేదు, కత్తి లేదు. ప్రహరీ పక్కన చెట్ల కింద మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో తవ్వింది. తను నీటుగా కోసిన కాడల కోతలు ఎండి గోధుమరంగు తిరిగాయి. మట్టి పక్కకి తోస్తే ఒక్కో మొదలూ ఒక తెల్లటి సంచిలో కూర్చుని ఉంది, పగిలిన గుడ్డు పెంకులో ఉన్నట్టు. ఒకటి కాదు, తవ్వినచోటల్లా అంతే. గోళ్ల నిండా మట్టితో, ఆ మొదళ్లని తువ్వాల్లో మూటగట్టుకుని, ఆవిడ బస్సు కూడా ఎక్కకుండా రోడ్డు వెంట పరిగెత్తుకుంటూ ఆసుపత్రికి వచ్చింది. దారిలో ఎవరో డ్రైవరు హారన్ కొట్టి పిలిచినా వినిపించుకోలేదు.

డాక్టరమ్మ సంచి చూసి తలూపింది. అప్పటికి మరిది వచ్చాడు.

"నిన్న బాగానే ఉంది కదండీ, నవ్వింది కూడా. ఇవాళ ఇలా ఎలా అయింది?" అని అడిగాడు.

డాక్టరమ్మ వాళ్ల పక్కనే బల్ల మీద కూర్చుంది. "మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఒక గది ఉంటుంది. కేంద్రకం అంటాం. అందులో డీఎన్ఏ అనే పొడుగాటి దారం ఉంటుంది. ఒంటికి కావలసిన ప్రతి ప్రోటీన్ ఎలా చేయాలో ఆ దారం మీదే రాసుంటుంది, నాలుగే నాలుగు అక్షరాలతో. ఆ దారం గది దాటి బయటికి రాదు. ఏ ప్రోటీన్ కావాలంటే ఆ కాస్త ముక్కకే నకలు రాస్తుంది ఒక ఎంజైమ్. ఆ నకలే ఆర్ఎన్ఏ. అది బయటికి వెళ్తుంది. బయట దాన్ని మూడేసి అక్షరాల చొప్పున చదివి, అమైనో ఆమ్లాలని ఒకదాని పక్కన ఒకటి గుచ్చి ప్రోటీన్ తయారుచేస్తుంది కణం."

"మా క్యాంటీన్లో చీటీల్లాగా" అంది పిన్ని, తనకి తెలియకుండానే. కౌంటరు దగ్గర కూర్చునే ఆయన చీటీ రాసి కిటికీలోంచి వంటగదిలోకి తోస్తాడు. చీటీలో ఉన్నదే పిన్ని వండుతుంది.

"అలాగే అనుకోండి. ఈ విషం వంటగది జోలికి వెళ్లదు. చీటీ రాసే చేతిని పట్టేసుకుంటుంది. కొత్త చీటీ ఒక్కటీ రాదు. కానీ అప్పటికే రాసిన చీటీలు ఉంటాయి కదా, చేసిన ప్రోటీన్లు ఉంటాయి కదా. వాటితో ఒకటి రెండు రోజులు నడుస్తుంది. మనిషికి తగ్గిపోయినట్టే ఉంటుంది. ఆ పాత సరుకు అరిగిపోయాక ఒక్కసారిగా బయటపడుతుంది. నెత్తురు గడ్డకట్టించే ప్రోటీన్లు చేసేది కాలేయమే. అవి అయిపోయాయి. అందుకే సూది తీస్తే రక్తం ఆగలేదు."

కౌంటరు మూసేశాక కూడా కిటికీలోంచి కంచాలు వెళ్తూనే ఉంటాయి. తింటున్నవాళ్లకి ఆ సంగతి తెలియదు. అది పిన్నికి ఒకరు విడమరిచి చెప్పనక్కర్లేదు. చిన్నకోడలు దువ్వెన అడిగిన రోజు, తను పాట పాడుకున్న రోజు, లోపల ఒక్క చీటీ కూడా రాయడం లేదన్నమాట. ఆ రోజంతా మందు లేకుండా గడిచిపోయింది. తన మాట నమ్మి గడిపేశారు.

"మొదటి రోజే తెలిసుంటే?" అన్నాడు మరిది.

డాక్టరమ్మ పిన్ని వైపు చూడలేదు. "తెలిసుంటే మంచిదే. ఇప్పుడు తెలిసింది, దీని సంగతి చూద్దాం. కాలేయం తట్టుకుంటే సరే, లేకపోతే ఇంకొకరిది పెట్టాల్సి వస్తుంది" అని లేచి వెళ్లిపోయింది.

మరిది వదిన చేతులు చూశాడు. ఎన్నడూ లేనిది ఆ గోళ్ల నిండా నల్లటి మట్టి. ఆ చేతులు పట్టుకుని ఏడ్చేశాడు. "నువ్వు తవ్వి తెచ్చావు కాబట్టి మందు దొరికింది వదినా. నీ రుణం తీర్చుకోలేను" అన్నాడు. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. పిన్ని చెప్పలేదు. చేతులు వెనక్కి తీసుకుని కడుక్కోవడానికి వెళ్లింది. కుళాయి కింద ఎంతసేపు నిలబడిందో ఆవిడకే తెలియదు.

తర్వాతి రోజులు గడ్డుగా గడిచాయి. చిన్నకోడలు ఒకసారి కూతుర్ని గుర్తుపట్టలేదు. పిల్ల బిక్కమొహం వేసుకుని పెద్దమ్మ పక్కన చేరింది. నాలుగు ముక్కలు తింటే అరిగిపోతావా అని ఇదే పిల్లని కసిరానే అని తలుచుకుని పిన్ని ఆ పిల్లని ఒళ్లోకి లాక్కునేది. పిల్ల మొండితనానికి మనసులోనే వందల దణ్ణాలు పెట్టుకుంది.

ఇంకొకరి కాలేయం మాట రెండుసార్లు వచ్చి వెనక్కి వెళ్లింది. ఆ తర్వాత ఒక పొద్దున డాక్టరమ్మ పరీక్ష కాగితం పట్టుకుని వచ్చి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆవిడ నవ్వడం అదే మొదలు.

"విషం కడుక్కుపోయింది. మిగిలిన కణాలు పని మొదలుపెట్టాయి. కాలేయానికి ఒక గుణం ఉంది, సగానికి పైగా పోయినా మళ్లీ పెరుగుతుంది."

"ఎలా పెరుగుతుంది డాక్టరమ్మా?" అంది పిన్ని.

"ఒక కణం రెండవుతుంది. అవడానికి ముందు లోపలి దారం మొత్తానికి నకలు తీసుకుంటుంది. చీటీలాగా ఒక ముక్కకి కాదు, మొదటి నుంచి చివరిదాకా. ఆ దారం రెండు పేటలు. అవి విడిపోతాయి. ఏ అక్షరం ఎదురుగా ఏది రావాలో ముందే ఖాయం, అందుకని ఒక్కో పేటా పక్కన కొత్త జంటని అల్లుకుంటుంది. ఒక దారం రెండు దారాలవుతుంది. ప్రతిదాంట్లోనూ సగం పాతది, సగం కొత్తది."

"అంత రాస్తే తప్పులు పడవూ?"

"పడతాయి. నకలు తీసే ఎంజైమే తప్పు అక్షరం పడగానే ఆగి, వెనక్కి జరిగి, దాన్ని తీసేసి సరైనది పెడుతుంది. అప్పటికప్పుడే. దాన్ని దాటుకుని వచ్చినవాటిని కూడా వెతికి సరిచేసే ఏర్పాట్లున్నాయి. అక్కడా దొరక్కుండా మిగిలిపోతే, ఆ తర్వాత తీసే ప్రతి నకలులోనూ ఆ తప్పు ఉంటుంది."

డాక్టరమ్మ ఏ ఉద్దేశంతోనూ అనలేదు. పిన్నికి మాత్రం తల కొట్టేసినట్టయింది. కంటికి కనబడని కణానికున్న పాటి బుద్ధి తనకి లేకపోయింది. డ్యూటీ డాక్టరు అక్కడే నిలబడి ఉన్నాడు, నాలుక కరుచుకుని కాదు బాబూ అంటే సరిపోయేది. తను దాటుకుని వచ్చేసింది.

చిన్నకోడలు ఇంటికొచ్చింది. డిపోలో కథ అప్పటికే పాకిపోయింది, పిన్నికి అనుకూలంగానే. కొట్టు మాట మరిదికి తెలియదు, డిపోకీ తెలియదు. వాళ్లకి తెలిసిందల్లా తవ్విన సంగతి. పుట్టగొడుగుల్లో ఏది మంచిదో ఏది చెడ్డదో ఎవరికి తెలుస్తుందిలే, పిన్ని కాబట్టి వేళ్లతో తవ్వి తోడికోడల్ని బతికించుకుందని ఒకరు, ఆ రోజు రోడ్డు మీద పరుగు నేను కళ్లారా చూశానని ఆ హారన్ కొట్టిన డ్రైవరు. వాళ్లు పొగిడినకొద్దీ ఆవిడ పొయ్యి వైపు తిరిగిపోయేది. మరిది పండో ఫలమో కొన్నప్పుడల్లా మొదటి వంతు కిందికి పంపేవాడు. ఆ పళ్లు బల్ల మీదే మెత్తబడిపోయేవి. తిట్టుంటే తట్టుకునేది. పొగడ్తని మాత్రం తట్టుకోలేకపోయింది.

ఆవిడకో కొత్త అలవాటు వచ్చింది. ఏది వండినా, అందరికన్నా ముందు తను ఓ ముద్ద తింటుంది. ఆ విషం ముందు తిన్నవాళ్లలోనైనా వెంటనే బయటపడదని ఆవిడకి తెలుసు. అయినా తింటుంది. "పిన్నికి ఈ మధ్య ఆకలెక్కువైంది" అని కండక్టర్లు నవ్వుతారు. నవ్వనిస్తుంది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం చిన్నకోడలు మెట్లు దిగి వచ్చింది. గ్లాసుల గొడవ తర్వాత కింది వంటగదిలో అడుగుపెట్టడం అదే మొదలు. చిక్కిపోయింది గానీ రంగు తేరింది. మళ్లీ షాపుకి వెళ్తోంది, వేళ్లకి బంక. పిన్ని అన్నం వడ్డించి, అలవాటుగా ముందు తను ముద్ద కలపబోయి ఆగిపోయింది. ఇక దాచుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

"చెల్లీ, నీకొకటి చెప్పాలి. ఆ రోజు డాక్టరు అడిగితే..."

"కొట్లో కొన్నానన్నావు" అంది చిన్నకోడలు.

పిన్ని గుడ్లప్పగించి చూసింది.

"నాకు మెలకువగానే ఉందక్కా. అంతకుముందు రోజు పై కిటికీలోంచి చూశాను కూడా. అడితి వైపు నుంచి వస్తున్నావు, చేతిలో బుట్ట. పక్కింటావిడకి బుట్ట వంచి చూపిస్తున్నావు."

"తెలిసి మరి నువ్వెందుకు ఊరుకున్నావే? ప్రాణం మీదికొచ్చింది కదా. కాదు, అడితి దగ్గరివి అని ఒక్క మాట అనకపోయావా?"

చిన్నకోడలు కంచం తన వైపు జరుపుకుంది. "అంతదాకా వస్తుందని నాకేం తెలుసు. వాంతులేగా, తగ్గిపోతాయిలే అనుకున్నాను. డాక్టరు, నర్సులు, పక్క మంచాలవాళ్లు, అందరూ ఉన్నారు. నలుగురిలో పరువు తీస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసుగా. నీకెందుకు ఆ బాధ అని ఊరుకున్నాను."

పంపు కింద గ్లాసులు కడిగిన చప్పుడు పిన్నికి మళ్లీ వినబడింది. ఆ రోజు హాల్లో చుట్టాల మధ్య నిలబడి చిన్నకోడలు విన్న చప్పుడు. ఆవిడ గోడకి చేరగిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నువ్వు నన్ను కాచావు, నేను నిన్ను చంపబోయాను అనాలనుకుంది.

"ఏడుపు తర్వాత. ఆకలేస్తోంది" అంది చిన్నకోడలు. పెద్దావిడ రుచి చూడకముందే మొదటి ముద్ద తను నోట్లో పెట్టుకుంది. నములుతూనే పక్కనున్న గ్లాసులో నీళ్లు పోసి ఆవిడ చేతికందించింది.

గ్లాసు మీద బంక వేలిముద్రలు తెల్లగా కనబడుతున్నాయి. పిన్ని వాటిని చూసింది. అలాగే పట్టుకుని తాగింది.